పద్నాలుగు నీలి దీపాలు

కాంగ్ ఎంగ్కోస్ దగ్గర దీపం కొనడం అంత తేలికైన పని కాదు. డబ్బు చేతిలో పట్టుకుని వచ్చినవాణ్ణి కూడా నిలబెట్టి ప్రశ్నలు వేసేవాడు. ఏ జంతువు? ఎన్ని నెలలది? పెట్టె ఎత్తెంత? మూత జాలీనా, అద్దమా? ఇల్లు ఊళ్ళోనా, కొండ మీదా? జవాబు తడబడితే "వెళ్ళి కొలుచుకుని రా" అని వెనక్కి పంపేవాడు. అలా వెళ్ళినవాళ్ళలో సగంమంది పక్క కొట్లో కొనేసుకునేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

బాండుంగ్‌లో పెంపుడు జంతువుల బజారు ఉంది కదా, అందులో పిట్టల వరస దాటి లోపలికొస్తే, రేకుల కప్పు కింద మాది తొండల వరస. నాది కీచురాళ్ళ కొట్టు. తొండలకీ బల్లులకీ అదే మేత. ఆయన కొట్టుకీ నా కొట్టుకీ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క అడ్డం. పదకొండేళ్ళు ఆ చెక్కకి చెరోవైపు కూర్చున్నాం. వరసలో చిన్నాపెద్దా అందరికీ ఆయన కాంగ్, అంటే అన్న. నేను తెహ్ ఎంతిన్, అందరికీ అక్కని.

ఆయన మొదట నూలుమిల్లులో ఎలక్ట్రీషియన్. మిల్లు మూతపడ్డాక గాజు పెట్టెలు చెయ్యడం మొదలుపెట్టి, పెట్టెల నుంచి దీపాలకి వచ్చాడు. "మన చలి ఊళ్ళో ఎడారి తొండ బతకాలంటే దానికి ఇద్దరు సూర్యుళ్ళు కావాలి" అనేవాడు. "ఒకడు ఒళ్ళు వెచ్చబెట్టాలి. ఇంకొకడు ఎముకలు గట్టిపరచాలి. మొదటివాడు మామూలు బల్బు. రెండోవాడు యూవీ ట్యూబు. రెండోవాడు లేకపోతే ఏడాదికల్లా దాని దవడ రబ్బరులా వంగుతుంది." అలా వంగిన దవడలు ఆయన చాలా చూశాడు. ఎర్ర బల్బు ఒక్కటి వెలిగించి చాలనుకునేవాళ్ళని "అది కోళ్ళఫారానికి పట్టుకెళ్ళు" అని తిట్టేవాడు.

వేడి ఎంతుందో చూడ్డానికి అరచెయ్యి తొండ పడుకునే రాయి మీద పెట్టి, పది దాకా లెక్కపెట్టేవాడు. ఆ చెయ్యి ఎప్పుడూ తప్పు చెప్పలేదు. మా బజారుకి దగ్గర్లో జంతువుల ఆసుపత్రి నడిపే డాక్టర్ సెకార్ ఆయనకి ఎన్నోసార్లు చెప్పింది, "వేడి చేతికి తెలుస్తుంది కాంగ్, యూవీ తెలీదు. దానికి మీటరు కొనుక్కోండి" అని. "నా చెయ్యే మీటరు డాక్టరమ్మా" అని నవ్వేసేవాడు. ఆ మీటరు చాలా ఖరీదు కూడా లెండి.

మహమ్మారి తగ్గిన మరుసటి ఏడాది సంగతి ఇది. ఇళ్ళల్లో ఇరుక్కుపోయిన రోజుల్లో జనం తొండలు పెంచడం అలవాటు చేసుకున్నారు. మేత అమ్మకం పెరిగింది, దీపాలకీ గిరాకీ పెరిగింది. కానీ ఓడలు ఆలస్యమై ఆయన ఎప్పుడూ తెప్పించే ట్యూబులు రావడం మానేశాయి. మూడు నెలలు కొట్లో ఒక్క ట్యూబు లేదు. వచ్చినవాళ్ళకి "పొద్దున పూట గంటసేపు ఎండలో పెట్టండి" అని చెప్పి పంపేవాడు. బాండుంగ్‌లో ఆ వానల్లో ఎండెక్కడిది?

అప్పుడు జకార్తా నుంచి ఒక మనిషి అట్టపెట్టెతో వచ్చాడు. అందులో గాజు గొట్టం చుట్టలు చుట్టినట్టుండే బల్బులు. ఒక్కోదాని మీదా తొండ బొమ్మ స్టిక్కరు, పక్కన యూవీ పది అని అంకె. ఎంగ్కోస్ ఒకటి వెలిగించాడు. వెలుతురు నీలంగా ఉంది. కింద చెయ్యి పెట్టి లెక్కపెట్టాడు. చల్లగా ఉంది. మంచిదే, యూవీ దీపం వేడెక్కకూడదు. కానీ వాసన ఒకటి వచ్చింది, పిడుగు పడ్డాక గాలిలో ఉంటుందే, అలాంటిది.

"కొత్త సరుకు వాసన. నాలుగు రోజుల్లో పోతుంది" అన్నాడు ఆ మనిషి.

నేను చెక్క మీంచి తొంగి చూశాను. "గాజు ఇలా నీళ్ళలా ఉందేంటి కాంగ్? నీ ట్యూబులు పాలరంగులో ఉంటాయిగా?"

"కొత్త మోడలు అయ్యుంటుందిలే" అన్నాడు.

రెండోసారి నేను అడగలేదు. కొట్టు నిండా మేత కొనేవాళ్ళున్నారు.

ఆయన పద్నాలుగు తీసుకున్నాడు. ఒకటి ఆ రోజంతా కొట్లో వెలిగించి ఉంచాడు. సాయంత్రానికి ఆయన కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి. ఆ రోజు అద్దాలు కోశాడు, గాజు పొడి పడిందనుకున్నాడు. పది రోజుల్లో పద్నాలుగూ అమ్ముడుపోయాయి. మామూలుగా అడిగే ప్రశ్నలన్నీ అందరినీ అడిగాడు. ఎత్తులు కొలిపించాడు. ఏ ఒక్కరికీ అశ్రద్ధగా ఇవ్వలేదు. తర్వాత ఆయనకి ఎక్కువ బాధ కలిగించింది కూడా అదే.

వాటిలో ఒకటి రెస్తి కొంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఫోన్లు బాగుచేసే కొట్లో పని. రెండేళ్ళుగా ఒక గడ్డపు తొండని, మెడ కింద ముళ్ళ గడ్డం ఉండే రకాన్ని, పెంచుతోంది. అల్లం రంగులో ఉంటుందని దానికి జాహె అని పేరు పెట్టింది. ప్రతి శనివారం నా దగ్గర కీచురాళ్ళు కొనడానికి వస్తూ దాన్ని భుజం మీద పెట్టుకుని వచ్చేది. అది నా కొట్లో డబ్బాల వైపు మెడ సాచి చూస్తే, "చూడు తెహ్, దుకాణం మొత్తం కొనేద్దామంటోంది" అనేది.

దీపం కొన్న ఐదోరోజు జాహెని గుడ్డలో చుట్టుకుని వచ్చింది.

"కాంగ్, ఇది కళ్ళు తెరవట్లేదు. నిన్నటి నుంచి ఏమీ తినలేదు."

ఎంగ్కోస్ చేతిలోకి తీసుకుని చూశాడు. రెప్పలు గట్టిగా మూసుకుని ఉన్నాయి. "దీపం ఎంత ఎత్తులో పెట్టావు?"

"మీరు చెప్పినట్టే. జానెడున్నర."

"ఇంకో జానెడు ఎత్తు పెంచు. కొత్త దీపం కదా, దానికి అలవాటు కావాలి. ఆపెయ్యకు మాత్రం. ఇన్నాళ్ళూ యూవీ లేక ఉంది, ఇప్పుడు ఆపితే ఎముకలు పోతాయి."

ఆ పిల్ల తల ఊపి వెళ్ళింది. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది. ఈసారి రెప్పలు ఉబ్బి ఉన్నాయి. తలమీద పొలుసులు ఎండిన ఉల్లిపొరలా లేచాయి. పెట్టెలో చెక్కముక్క కింద తల దూర్చి పడుకుంటోందట.

"అమ్మ కళ్ళు కూడా మండుతున్నాయంటోంది కాంగ్. రాత్రయితే ఇసక పోసినట్టుంటుందట. ఆవిడ ఆ పెట్టె పక్కనే కూర్చుని పూసలు కుడుతుంది, ఆ వెలుతురు బాగుందని."

రెస్తి తల్లి కర్సిహ్, పెద్దావిడ కాబట్టి మాకు బూ కర్సిహ్, పెళ్ళి రవికల మీద పూసలు కుట్టేది. చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళందరూ ఆవిడ దగ్గరికే వచ్చేవారు.

ఎంగ్కోస్ నవ్వాడు. "రోజంతా పూసలు కుట్టేవాళ్ళకి కళ్ళు మండకపోతే కాళ్ళు మండుతాయా?"

నేను కూడా నవ్వాను. రెస్తి నవ్వలేదు.

ఆ పిల్ల అక్కణ్ణుంచి తిన్నగా డాక్టర్ సెకార్ దగ్గరికి వెళ్ళిందని మర్నాడు తెలిసింది. మధ్యాహ్నం పన్నెండు గంటలకి డాక్టరే మా వరసలోకి వచ్చింది, ఆసుపత్రి చొక్కా కూడా విప్పకుండా. చేతిలో ఆ బల్బు, పాత తువ్వాల్లో చుట్టి.

"ఇది మీరమ్మిందేనా?"

"నాదే."

"వెలిగించకండి" అంది. ఆయన సాకెట్ వైపు చెయ్యి సాచాడు, అందుకని. "కాంగ్, నా ఆపరేషన్ గదిలో గోడకి ఇలాంటిది ఉంది. క్రిముల్ని చంపే దీపం. మహమ్మారి రోజుల్లో ఆఫీసుల్లో, మసీదుల్లో కూడా పెట్టారు, గుర్తుందా? మేము దాన్ని వెలిగించేముందు అందరం బయటికొచ్చి తలుపు వేసి తాళం పెడతాం. లోపల ఒక్క ప్రాణి ఉండకూడదు."

ఎంగ్కోస్ సాకెట్ వైపు సాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"యూవీలో కూడా రకాలున్నాయి. ఎండలో మనదాకా వచ్చేది ఒకటి, తొండకి కావాల్సింది అది. ఇది వేరు. ఇది సూర్యుడిలో ఉన్నా ఆకాశమే అడ్డుకుంటుంది, నేలమీదికి రానివ్వదు. మీరు దాన్ని వాటి నెత్తిన జానెడున్నర ఎత్తులో పెట్టించారు."

"స్టిక్కరు మీద..."

"స్టిక్కరు ఎవరైనా అంటిస్తారు. మిగిలిపోయిన సరుకు వదిలించుకోవాలనుకున్నవాడు తప్పకుండా అంటిస్తాడు."

ఎంగ్కోస్ తన స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత అడిగాడు, "ఆ తొండ?"

"కళ్ళు పోయాయి. ప్రాణం సంగతి ఇంకా చెప్పలేను."

"వాళ్ళమ్మ?"

డాక్టర్ సెకార్ నా వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు చూసింది. "మనుషుల డాక్టరుకి చూపించమన్నాను. చూపించారో లేదో తెలీదు."

చూపించలేదు. బూ కర్సిహ్ మూడు రోజులుగా తమలపాకులు ఉడకబెట్టిన నీళ్ళతో కళ్ళు కడుక్కుంటోంది. వాళ్ళమ్మ చెప్పిన వైద్యం, మా అమ్మ చెప్పిన వైద్యం కూడా అదే. కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి కుడికంటి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ లేచింది.

ఎంగ్కోస్ దీపాల అమ్మకం ఆ మధ్యాహ్నమే ఆపేశాడు. "మిగతా పదమూడూ వెనక్కి తేవాలి" అన్నాడు నాతో. కొన్నవాళ్ళ పేర్లు ఆయన ఎక్కడా రాసుకోలేదు. దీపం ఒకసారి కొంటే ఏడాదిదాకా రారు. కీచురాళ్ళకి మాత్రం వారం వారం రావాల్సిందే, కొందరికి నేనే ఇంటికి తీసుకెళ్ళి ఇస్తాను. అందుకే ఆ ఇళ్ళు నాకే తెలుసు. ఆయన మోటార్ సైకిల్ మీద ఆయన, నా స్కూటరు మీద నేను, కొట్లు మూసేసి బయల్దేరాం.

ఆ సంగతి తెలిసి వరస పెద్ద పాక్ దుదుంగ్ దారిలోనే ఆపాడు. ఆయనది కొండచిలువల కొట్టు; పెద్దవాళ్ళని మేం పాక్ అంటాం, అంటే అయ్య.

"వెనక్కి తెచ్చుకో, వద్దన్నదెవరు? చెవిలో చెప్పి తెచ్చుకో. ఊరంతా చాటింపు వెయ్యకు. ఇవాళ నీ దీపం అంటారు, రేపు ఈ వరసలో కొన్నదేదీ మంచిది కాదంటారు. పద్దెనిమిది కొట్లున్నాయిక్కడ. అందరం పిల్లాజెల్లా ఉన్నవాళ్ళమే."

ఎంగ్కోస్ హెల్మెట్ పెట్టుకుని బండి ముందుకి పోనిచ్చాడు. దారిలో టీ తాగడానికి ఆగినప్పుడు నేనూ అదే మాట అన్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అన్నాను. "ఆయన చెప్పిందీ నిజమే కదా కాంగ్. ఒక్కొక్కరికీ చెవిలో చెబుదాం."

"దీపం కొని సుమెదాంగ్ ఊరి బస్సెక్కి వెళ్ళిపోయిన ఆవిడ ఒకరుంది. ఆవిడ చెవి ఎక్కడుంది ఎంతిన్?"

ఆ రోజే ఫోన్లో బల్బు బొమ్మ, దాని పక్కన తన మొహం బొమ్మ పెట్టి, తొండలు పెంచేవాళ్ళ గుంపులన్నిటికీ పంపించాడు. దాని కింద రాసింది నాకిప్పటికీ గుర్తే. "దీన్ని నేనే అమ్మాను. ఇది కళ్ళు పోగొడుతుంది. ముందు ఆపండి, తర్వాత నన్ను తిట్టండి." తన నంబరు కూడా రాశాడు.

తిట్టారు. వారాల తరబడి తిట్టారు. ఒకరోజు పొద్దున్నే వచ్చి చూస్తే ఆయన షట్టరు మీద పాత ఇంజన్ ఆయిలు పోసి ఉంది. నా బేరం సగానికి పడింది. పాక్ దుదుంగ్ ఆయనతో మాట్లాడడం మానేశాడు. నాతో మాట్లాడేవాడు కానీ, మాట్లాడిన ప్రతిసారీ ఒక పోటు పొడిచేవాడు: "ఏం తెహ్, మీ ఔలియాగారు, ఆ పుణ్యాత్ముడు, ఇవాళ ఏ ఊరు వెళ్ళారు?"

మొదటి వారంలో ఏడు దొరికాయి. కొందరు వాసన నచ్చక ముందే తీసేశారు. ఒకరి ఇంట్లో బల్లి చచ్చిపోయి దాని పెట్టెలో చేపలు పెంచుతున్నారు. ఒక ముసలాయన పెంచే పెద్ద పచ్చతొండ, ఇగ్వానా, మాత్రం దివ్యంగా ఉంది, ఆకులు నములుతూ మమ్మల్ని తేరిపార చూసింది. ఆ ముసలాయన హాజీ సోబుర్ అని, మా పాత బేరగాడు. ఎంగ్కోస్ పెట్టె దగ్గరికి వెళ్ళి పైన తడిమాడు. దీపానికీ ఇగ్వానాకీ మధ్య దళసరి అద్దం ఉంది.

"పాక్ హాజీ, మూత అద్దం తీసేసి జాలీ పెట్టమన్నాను కదా. అద్దముంటే యూవీ కిందికి దిగదని చెప్పాను కదా."

"చెప్పావు. నాకు బద్ధకమేసింది." హాజీ పకపకా నవ్వాడు. "అంటే నీ మాట వినకపోబట్టే ఇది బతికిందన్నమాట!"

నాకూ నవ్వొచ్చింది. చూస్తే ఎంగ్కోస్ అక్కడ లేడు. బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, వానలో. పక్కన నిలబడ్డాను. "నా మాట విన్నవాళ్ళవే చచ్చాయి ఎంతిన్" అన్నాడు. అంతే. లేచి బండి స్టార్ట్ చేశాడు.

చిమాహిలో కోమర్, యాయా అని అన్నదమ్ములు. గడ్డపు తొండల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని అమ్మేవారు. వాళ్ళు రెండు దీపాలు కొన్నారు. మేం వెళ్ళేసరికి వెనక గదిలో మందు వాసన గుప్పుమంటోంది. ముప్ఫై ఒక్క పిల్లల్లో ఆరు మిగిలాయి. ఏదో అంటురోగం అనుకుని గదంతా క్రిమినాశని కొట్టారు. వెలుతురు ఎక్కువుంటే కోలుకుంటాయని దీపాలు రోజుకి పద్నాలుగు గంటలు వెలిగించారు. మిగిలిన ఆరూ, ఒక్కోటి వేలెడంత, ప్లాస్టిక్ డబ్బాల్లో ఉన్నాయి; ఒకదానికీ కళ్ళు లేవు. నోటి ముందు పెట్టిన మేత ఎటుందో తెలీక గాలిని కొరుకుతున్నాయి.

ఎంగ్కోస్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఏదీ దాచలేదు, దేన్నీ మెత్తబరచలేదు.

కోమర్ ఆయన చెంప మీద కొట్టాడు. కళ్ళజోడు ఎగిరి గోడకి తగిలింది. "నువ్వే కదరా చెప్పావు! చిన్నపిల్లలకి యూవీ ఎక్కువ కావాలని నువ్వే కదా చెప్పావు! రోజూ కూర్చుని నీ మాటలు విన్నానురా!"

ఇంకో దెబ్బ పడకుండా నేను మధ్యలోకి వెళ్ళాను. ఎంగ్కోస్ మాత్రం చేతులు కిందికే ఉంచుకుని నిలబడ్డాడు. కొడితే కొట్టించుకునేవాడే. తమ్ముడు యాయా లోపలికెళ్ళి, రెండు దీపాలూ విప్పి, పేపర్లో చుట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. కళ్ళజోడు కూడా తీసి ఇచ్చాడు. ఆ ఆరింటినీ మర్నాడు డాక్టర్ సెకార్ సూదిమందుతో శాశ్వతంగా నిద్రపుచ్చింది. ఎంగ్కోస్ అక్కడే ఉండి ఒక్కోదాన్నీ అరచేతిలో పట్టుకున్నాడట. డాక్టరే చెప్పింది నాకు.

రెస్తిదాంతో కలిపి పన్నెండు వచ్చాయి. ఇంటి వెనక గొయ్యి తవ్వి, గోనెసంచిలో వేసి సుత్తితో పగలగొట్టి పూడ్చాడు. రెండు రాలేదు. ఒకటి సుమెదాంగ్ ఆవిడ. మేం సుమెదాంగ్ వెళ్ళి అక్కడి జంతువుల కొట్లన్నీ తిరిగాం. వాన కోటు వేసుకుంది, చేతిలో అరటిపళ్ళ సంచి ఉంది, ఇంతకుమించి ఏం చెప్పగలం? ఇంకొకటి ఎవరు కొన్నారో ఎంగ్కోస్‌కి అసలు గుర్తే రాలేదు. దానికోసం తల గోడకేసి కొట్టుకోవడం నేను కళ్ళారా చూశాను.

బూ కర్సిహ్ కుడికన్ను పోయింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంది, మందులకి లొంగలేదు. ఎడమకన్ను దక్కింది కానీ పూసలు కుట్టే చూపు కాదు. అక్కడి డాక్టరు ఒక మాట అన్నాడని రెస్తి పక్కింటావిడ నాకు చెప్పింది. దీపం వల్ల కలిగిన మంట ఊరికే వదిలేస్తే మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోయేదట. ఆకుల నీళ్ళతో కడగడం వల్ల పుండు పడిందట.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి ఎంగ్కోస్‌కి చెప్పాను. ఆయన గుండె మీంచి ఒక బండ దింపుదామని నా ఆశ.

విన్నాడు. "ఆకులు ఆవిడ ఎందుకు ఉడకబెట్టింది ఎంతిన్?" అన్నాడు.

నేను నా కొట్లోకి తిరిగొచ్చేశాను.

ఉపవాసాల నెలలో కొట్టు ఖాళీ చేశాడు. పెట్టెలు ఇంటి దగ్గరే చేస్తానన్నాడు, దీపాలు మాత్రం ఇక ముట్టుకోనన్నాడు. ప్లైవుడ్ చెక్కకి అవతల ఇప్పుడు తాబేళ్ళు అమ్ముతున్నారు.

ఈద్ రోజు మా ఊళ్ళో అందరూ అందరి ఇళ్ళకీ వెళ్ళి తప్పులు మన్నించమని అడుగుతారు. చేతులు కలిపి ఒకే మాట అంటారు, ఒకే జవాబు వస్తుంది, తర్వాత తిండి. ఆ రోజు ఎంగ్కోస్ మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కొత్త చొక్కా తొడుక్కున్నాడు.

"నాతో వస్తావా? ఒక్కణ్ణీ వెళ్ళలేను."

ఎక్కడికని నేను అడగలేదు.

బూ కర్సిహ్ ముందుగదిలో చాప మీద కూర్చుని ఉంది. ఒక కంటి మీద తెల్లటి గుడ్డ. మమ్మల్ని చూసి లేవబోతే నేను ఆపాను. ఎంగ్కోస్ ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచాడు, నోరు తెరిచాడు. ఆ రోజు పొద్దుటి నుంచీ ముప్ఫైమందికి చెప్పిన మాటే ఇక్కడ పెదవి దాటలేదు.

బూ కర్సిహ్ ఆయన చేతులు తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇవాళ వచ్చినవాళ్ళందరికీ 'మన్నించాను, మీరూ మన్నించండి' అన్నాను. ఎవరేం తప్పు చేశారో నాకు తెలీదు, వాళ్ళకీ తెలీదు. ఊరికే అంటాం. నీతో మాత్రం ఊరికే అనలేను కాంగ్. మన్నించానంటే అబద్ధం అవుతుంది. పండగపూట అబద్ధం ఎందుకు?" లోపలికి తిరిగి కేకేసింది. "రెస్తీ, వచ్చినవాళ్ళకి అన్నం పెట్టు."

రెస్తి రెండు పళ్ళేలు తెచ్చింది. కొబ్బరాకుల బుట్టలో ఉడికించిన అన్నం, కొబ్బరిపాల కోడికూర. మా మొహాలు చూడకుండా పెట్టి వెళ్ళిపోయింది. ఎంగ్కోస్ తలొంచుకుని చివరి మెతుకుదాకా తిన్నాడు. కూరలో ఉప్పు ఎక్కువైంది, నాకు గుర్తుంది. ఆయనకి తెలిసిందో లేదో.

చెప్పులు వేసుకుంటుంటే రెస్తి గుమ్మంలోకి వచ్చింది. భుజం మీద జాహె ఉంది, సగానికి సగం చిక్కి. రెప్పలు ఉన్నచోట ముడతలు. అది మెడ తిప్పుతూ నాలికతో గాలి రుచి చూస్తోంది.

"ఒకటి అడగాలి" అంది ఆయన్ని. కాంగ్ అనలేదు. "దీనికి కళ్ళు లేవు కదా. ఇంక దీపం అవసరం లేదా?"

ఆయన జాహె వైపు వంగాడు. "వేడి బల్బు కావాలి. యూవీ కూడా కావాలి అమ్మాయ్. యూవీ కళ్ళ కోసం కాదు, చర్మం మీద పడితే చాలు. లేకపోతే ఎముకలు మెత్తబడతాయి. ఇప్పటికే..." దాని దవడ చూస్తూ ఆగిపోయాడు. "పొడుగు ట్యూబు తీసుకో, పాలరంగు గాజుది. పెట్టెలో ఒక పక్కనే బిగించు, రెండో పక్క నీడ ఉంచు. వద్దనుకుంటే అది పక్కకి జరగాలి. కానీ నేను చెప్పానని కొనకు. డాక్టరమ్మ దగ్గర కొలిపించు."

"మీరు చెప్పారని కొనను" అంది.

రెండు వారాలకి డాక్టర్ సెకార్ విశ్వవిద్యాలయం నుంచి మీటరు అడిగి తెచ్చింది. రెస్తి తన ట్యూబు పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. నేను మేత ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. ఎంగ్కోస్ కూడా వచ్చాడు, కానీ లోపలికి రాలేదు. వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. డాక్టరు జానెడు దూరంలో కొలిచి అంకె చెప్పింది. రెండు జానల దూరంలో కొలిచి అంకె చెప్పింది. రెస్తి మళ్ళీ కొలవమంది. మళ్ళీ కొలిచింది. "మూడోసారి" అంది రెస్తి.

మూడోసారీ అదే అంకె, ప్రమాదం లేని అంకె, వచ్చాక ఆ పిల్ల ట్యూబుని అట్టపెట్టెలో జాగ్రత్తగా పెట్టుకుని, వరండాలో ఎంగ్కోస్ పక్క నుంచే మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ ట్యూబు మా వరసలో కొన్నది కాదు. ఎంగ్కోస్ లోపలికి తల పెట్టి డాక్టర్ని ఒక్కటే అడిగాడు.

"ఎంత దూరంలో పెట్టమన్నారు?"

ఆవిడ చెప్పింది. ఆయన తలూపి, వానలోకి వెళ్ళి బండి తీశాడు.